ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి? సైప్రస్ షూటింగ్ డైరీ

జూలై 14, లార్నకా

సామాన్లు హోటల్లో పడేసి ఊరు చూద్దామని బయల్దేరితే, ఒక రోడ్డు పేరు చదివి మా దర్శకుడు కారు ఆపించాడు. జనరల్ తిమ్మయ్య అవెన్యూ. కొడగులో పుట్టి, భారత సైన్యాధిపతిగా చేసి రిటైరయ్యాక, 1964లో ఐక్యరాజ్యసమితి శాంతిదళానికి కమాండర్‌గా ఇక్కడికి వచ్చినాయన. 1965 డిసెంబర్‌లో ఈ దీవి మీదే గుండెపోటుతో పోయారు. సైప్రస్ ఆయన పేరిట తపాలా బిళ్ల కూడా వేసింది. ఆ దళానికి మొట్టమొదటి కమాండర్ జనరల్ జ్ఞానీ, 1974లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్న ప్రేమ్‌చంద్ కూడా మనవాళ్లే.

"దొరికిందిరా మన ఓపెనింగ్" అన్నాడు దర్శకుడు. మన ప్రేక్షకులకు ఇట్టే పట్టుబడుతుందని ఆయన లెక్క. నాకు నచ్చలేదు. రెండుగా చీలిన ఈ దీవి మీద డాక్యుమెంటరీ తీసి వాళ్ల కథ చెప్తామని వచ్చి, మన జనరల్‌తో మొదలుపెడితే, ఇక్కడి మనుషులు మన కథలో పక్క పాత్రలైపోతారు. కెమెరా అబ్బాయి తటస్థంగా ఉండి బోర్డును రెండు కోణాల్లో తీసి పెట్టుకున్నాడు. సినిమా ఎక్కడ మొదలవ్వాలి అనే తగువు దిగిన రోజునే అంటుకుంది.

జూలై 15, నికోసియా

ఉదయం 8:20కి సైరన్ మోగుతుందని టీచరమ్మ ముందే చెప్పింది. గ్రీకు సైప్రియట్లుండే దక్షిణం వైపు మాకు దారి చూపించే ఆవిడ రిటైరైన బడిపంతులమ్మ. అందుకే పేరు పెట్టి పిలవకుండా అందరం టీచరమ్మ అనేవాళ్లం. 1974లో ఇదే రోజు, గ్రీసులోని సైనిక పాలకుల అండతో అధ్యక్షుడు మకారియోస్ మీద కుట్ర జరిగింది. సైరన్ దాని కోసం.

ఎనిమిదింటికే హోటల్ బాల్కనీలో రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాను. సైరన్ ఒకటి కాదు, ఊళ్లో చాలా చోట్ల ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఎత్తుకోవు. ఒకదాని శ్రుతి ఇంకోదానికి వెంట్రుకవాసి తేడాతో కలిసి, గాలిలో ఒక వణుకులా వినిపిస్తుంది. కింద ఒక కొట్టాయన షట్టర్ ఎత్తుతూ మోకాళ్ల ఎత్తులో ఆపేశాడు. సైరన్ మోగినంతసేపూ వంగి దాన్ని చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. దించలేదు, ఎత్తలేదు. శబ్దం తగ్గాక మిగతాది ఒక్క ఊపులో పైకి నెట్టి లోపలికి పోయాడు. కెమెరా అబ్బాయి అప్పటికి ఇంకా బ్యాటరీలు మారుస్తున్నాడు. కాబట్టి నా దగ్గర శబ్దం మాత్రమే ఉంది: సైరన్ సన్నగిల్లడం, ఆ వెంటనే షట్టర్ దడాలుమనడం.

మధ్యాహ్నం లెడ్రా వీధి దాటాం. నడిబజారు, రెండు పక్కలా బట్టల కొట్లు, ఐస్‌క్రీమ్ కొట్లు. ఉన్నట్టుండి ఒక పోలీసు కౌంటర్, కొంచెం ఖాళీ జాగా, మళ్లీ ఇంకో కౌంటర్. పాస్‌పోర్ట్ చూపించి నాలుగడుగులు వేస్తే యూరోలు పోయి టర్కిష్ లీరాలు వస్తాయి. ఈ దారి 2008 ఏప్రిల్‌లో తెరిచారు. అసలు మొదటి దారి లెడ్రా ప్యాలెస్ దగ్గర 2003 ఏప్రిల్‌లో తెరుచుకుంది. అంతకుముందు 29 ఏళ్లు మామూలు మనిషికి అటూ ఇటూ తిరిగే వీలే లేదు.

కెమెరాకు గీత కొట్టిన ఎర్ర బోర్డులు ఎక్కడ చూసినా ఉన్నాయి. బఫర్ జోన్‌లో, అంటే రెండు వైపులకూ నడుమ శాంతిదళం కాపలా కాసే పట్టీలో, తీయాలంటే ఐక్యరాజ్యసమితి అనుమతి కావాలి. సైనిక పోస్టులు ఫ్రేమ్‌లో పడకూడదు. డ్రోన్ సంగతి మర్చిపోవడమే మంచిది. అయితే మైకు గురించి ఏ బోర్డులోనూ లేదు! మా పనిలో ఇదొక చిన్న సుఖం.

అవతల, టర్కిష్ సైప్రియట్లుండే ఉత్తరం వైపు మా మనిషి ఒక ఫొటోగ్రాఫర్, పత్రికల్లో పనిచేసి మానేశాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పరిచయాలవుతుండగానే మా దర్శకుడు టీచరమ్మను అడిగిన ప్రశ్నే ఇతన్నీ అడిగాడు. ఈ గొడవ ఎప్పుడు మొదలైంది?

టీచరమ్మ క్షణం ఆలోచించకుండా 1974 అంది. ఫొటోగ్రాఫరూ అంతే వేగంగా 1963 అన్నాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. 1960లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అధికారం రెండు జాతులూ పంచుకోవాలని రాజ్యాంగం రాసుకున్నారు. అధ్యక్షుడు గ్రీకు సైప్రియట్, ఉపాధ్యక్షుడు టర్కిష్ సైప్రియట్, ఉద్యోగాలు 70, 30 వంతున. మూడేళ్లకే, 1963 డిసెంబర్‌లో, అది రక్తపాతంలో కూలింది. ఒక బ్రిటిష్ జనరల్ ఆకుపచ్చ పెన్సిల్‌తో నికోసియా మ్యాపు మీద గీత గీశాడు; గ్రీన్ లైన్ అనే పేరు దాంతోనే స్థిరపడింది. దాదాపు 25,000 మంది టర్కిష్ సైప్రియట్లు ఇళ్లొదిలి దిగ్బంధంలో ఉన్న చిన్న చిన్న పేటల్లోకి చేరారు. ఫొటోగ్రాఫర్ వాళ్ల నాన్న చిన్నతనం అందులోనే గడిచింది. 1974 జూలై 15న కుట్ర, 20న టర్కీ సైన్యం దిగడం, ఆగస్టులో రెండో దాడి. దీవిలో మూడో వంతుకు పైగా టర్కీ చేతికి వెళ్లింది, లక్షన్నరకు పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి పారిపోయారు. వాళ్లలో కిరీనియా నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల మా టీచరమ్మ.

తెర మీద మొదట ఏ సంవత్సరం పడితే, తొలి దెబ్బ ఎదుటివాడిదే అయిపోతుంది. ఆ తర్వాత రెండు వైపులా సమానంగా ఇంటర్వ్యూలు పెట్టినా, నిమిషాలు లెక్కపెట్టి పంచినా లాభం లేదు. ఏది దాడో, ఏది ప్రతీకారమో ప్రేక్షకుడు అప్పటికే నిర్ణయించేసుకుంటాడు.

జూలై 16

పొద్దున్నుంచీ ఇంటర్వ్యూలు. ఎవరినడిగినా గడగడా చెప్తారు. యాభై ఏళ్లుగా విలేకరులు, పరిశోధకులు, దౌత్యవేత్తలు వరుస కట్టి అడిగిన ప్రశ్నలే కదా. జవాబులు నున్నగా అరిగిపోయాయి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా వాళ్లకు తెలుసు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న నాకు అది ఇంకా బాగా తెలుస్తుంది.

ఉపాయం కెమెరా అబ్బాయి చెప్పాడు. ప్రశ్నలు ఆపేసి, పాత ఇంటి ప్లాను గీయమని కాగితం, పెన్సిల్ ఇద్దామన్నాడు. టీచరమ్మ ముందు వంటింటి కిటికీ గీసింది, గోడలు తర్వాత. గీస్తూ గీస్తూ ఆగి, మెట్లు ఎడమ పక్కనా, కుడి పక్కనా అని తనలో తాను గొణుక్కుంది. 2003లో దారి తెరిచినప్పుడు క్యూలో నిలబడి వెళ్లి ఆ ఇల్లు చూసి వచ్చిన మనిషే ఆవిడ. చూసిన ఇల్లు కాదు, గుర్తున్న ఇల్లే గీస్తానని పట్టుబట్టింది.

సాయంత్రం అవతల ఫొటోగ్రాఫర్ వాళ్ల నాన్నగారికీ అదే కాగితం ఇచ్చాం. ఆయనది దక్షిణాన పాఫోస్ దగ్గరి పల్లె. 1975లో ఉత్తరానికి వచ్చేశారు. ఆయన బావి గీస్తే, వాళ్లావిడ వచ్చి బావి అక్కడ కాదు, చెట్టు అవతల అంది. ఆయన ఒప్పుకోడు. చెరిపి మళ్లీ గీసి, మళ్లీ చెరిపి, చివరికి కాగితం చిరిగింది. మొగుడూ పెళ్లాల ఆ వాదనలో రాజకీయం మాటైనా రాలేదు. వెయ్యి మాటల రాజకీయం విన్న నాలుగు గంటల కంటే ఆ పది నిమిషాలే సినిమాకు పనికొస్తాయని నాకనిపించింది. పెన్సిల్ గీరుడు వినపడాలని ఫ్యాన్ ఆపించాను. జూలైలో, ఆ ఉక్కలో. పాపం, పెద్దాయన ఏమీ అనలేదు.

జూలై 17

మురుగునీళ్ల కథ విన్నాను, వదలబుద్ధి కావడం లేదు. నగరాన్ని రెండు ముక్కలు చేసినా భూమి వాలు మారదు కదా. పైపులూ, నీళ్లూ గీతను లెక్కచేయవు. 1978లో దక్షిణ నికోసియా మేయర్ లెల్లోస్ డెమెట్రియాడిస్, ఉత్తరం వైపు మేయర్ ముస్తఫా అకింజీ కూర్చుని, డ్రైనేజీ ఒకటిగానే నడపాలని ఒప్పందం చేసుకున్నారు. శుద్ధి చేసే ప్లాంటు ఉత్తరాన, మియా మిల్యా దగ్గర ఉంది. టర్కిష్‌లో ఆ ఊరు హస్పోలాత్. ఒకరి ప్రభుత్వాన్ని ఇంకొకరు గుర్తించరు, కాబట్టి సంతకాలకు, ఉత్తరాలకు పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. అయినా నడిచింది. దాని వెంటే నగరం మొత్తానికి కలిపి ఒక మాస్టర్ ప్లాన్ వచ్చింది. పాత కోట లోపలి పేటలను బాగుచేసిన పనికి 2007లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. ఆ తర్వాత 2015లో అకింజీ టర్కిష్ సైప్రియట్లకు నాయకుడై శాంతి చర్చలకు కూర్చున్నాడు. 2017లో స్విట్జర్లాండ్‌లో ఆ చర్చలు చెడిపోయాయి. డ్రైనేజీ మాత్రం చెడిపోలేదు.

మధ్యాహ్నం పాత విమానాశ్రయం ఆవరణ వైపు వెళ్లాం. 1974 నుంచి విమానాలు ఆడవు, ఐక్యరాజ్యసమితి అధీనంలో ఉంది. ఆ ఆవరణలోనే గల్లంతైనవాళ్ల కమిటీ వారి ప్రయోగశాల ఉంది. జాబితాలో 2,002 మంది: 1,510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. కమిటీ 1981లో పుట్టినా తవ్వకాలు, గుర్తింపు పని ఊపందుకుంది 2006 నుంచే. ఇప్పటికి వెయ్యి మందికి పైగా అవశేషాలు ఇళ్లకు చేరాయి. రెండు జాతుల శాస్త్రవేత్తలూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు.

లోపల కెమెరా తీయొద్దని మేమే అనుకున్నాం. ఎముక కనిపిస్తే చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఎవరిది, అటువాడిదా ఇటువాడిదా' అన్నదే. ఆ ప్రశ్న మా సినిమాలో పుట్టకూడదు. బయట కారులో కూర్చుని దీని మీద గంటసేపు వాదించుకున్నాం. దర్శకుడికి ఇప్పటికీ పూర్తిగా ఇష్టం లేదు.

జూలై 18, పిలా

బఫర్ జోన్‌లోనే ఉన్న ఊరు. రెండు జాతులూ ఇప్పటికీ కలిసి ఉంటున్న పల్లె కాబట్టి ప్రతి డాక్యుమెంటరీ టీమూ ఇక్కడికి తప్పకుండా వస్తుంది. నడిమధ్యన చౌరస్తా, అటొక కాఫీ కొట్టు, ఇటొక కాఫీ కొట్టు. ఇద్దరు ముఖ్తార్లు, అంటే ఊరి పెద్దలు. రెండు ప్రాథమిక పాఠశాలలు.

కాఫీ కొట్టు ముందు కూర్చున్న ఒక ముసలాయన మా బూమ్ మైకు బొచ్చు తొడుగును చూసి, కుక్కపిల్లను నిమిరినట్టు నిమిరాడు. తర్వాత టీచరమ్మ ద్వారా అన్నాడు: "కలిసి బతుకుతున్నామని చూపించడానికి ఒక టీమ్ వస్తుంది. కలవడం లేదని చూపించడానికి ఇంకో టీమ్ వస్తుంది. మీరు ఏ టీమ్?" మా దర్శకుడికి నోట మాట రాలేదు. ముసలాయన నవ్వి కాఫీ చెప్పాడు.

ఐక్యరాజ్యసమితి పోలీసులు వచ్చి అనుమతి కాగితం అడిగారు, చూపించాం, వెళ్లిపోయారు. ఇక్కడ వాళ్లు జాగ్రత్తగా ఉండటానికి కారణం ఉంది. 2023 ఆగస్టులో ఉత్తరం నుంచి పిలాకు రోడ్డు వేయబోతే అడ్డుకున్న శాంతిదళ సైనికులను కొట్టారు, వాళ్ల వాహనాలను పక్కకు నెట్టేశారు. రోడ్డు అంటే ఊళ్లో వాళ్లకు ఆసుపత్రికో, చుట్టాల ఇంటికో దగ్గరి దారి. నాయకులకు అది అరచెయ్యంత జాగా మీద హక్కు.

మధ్యాహ్నమంతా రెండు కాఫీ కొట్ల మధ్య గాలి, కుర్చీల ఈడ్పులు, పేకముక్కల చప్పుడు రికార్డు చేశాను. కళ్లు మూసుకుని వింటే ఏది ఏ కొట్టో నాకు తేడా తెలియలేదు. దాన్ని సినిమాలో ఐక్యతకు గుర్తుగా వాడాలని మాత్రం అనుకోను. ముసలాయన ప్రశ్న ఇంకా చెవిలో ఉంది.

జూలై 19, ఫమగుస్టా

ఉత్తరం వైపు నుంచి కారులో వెళ్లాం. వరోషా చూడాలి. 1974 ఆగస్టులో జనం ఖాళీ చేసి పోయాక కంచె వేసిన సముద్రతీరపు పేట. 2020 అక్టోబర్‌లో కొన్ని వీధులు జనానికి తెరిచారు. అద్దె సైకిళ్లు, ఐస్క్రీమ్ బండి, సెల్ఫీలు, తాళ్లు కట్టి 'లోపలికి రావద్దు' అన్న బోర్డులు. బాల్కనీల్లోంచి చెట్లు మొలిచాయి. కెమెరా అబ్బాయి ఎటు తిప్పినా అందమైన ఫ్రేమే, అదే అసలు ఇబ్బంది. శిథిలం ఎప్పుడూ అందంగానే పడుతుంది, దాని ఆస్తి దస్తావేజు ఎవరి దగ్గరుందో ఫ్రేమ్‌లో పడదు. టీచరమ్మ మాతో రాలేదు. టికెట్ లేని ప్రదర్శనకు కూడా తను వెళ్లదట.

ఫొటోగ్రాఫర్ దారిలో పత్రిక మానేసిన సంగతి చెప్పాడు. 1996 జూలైలో కుట్లు అదాలి అనే జర్నలిస్టును తన ఇంటి ముందే కాల్చి చంపారు. దర్యాప్తు సరిగా జరగలేదని 2005లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు టర్కీని తప్పుపట్టింది. 2018 జనవరిలో సిరియాలో టర్కీ దాడిని విమర్శించిందని ఒక పత్రిక ఆఫీసు మీద గుంపు విరుచుకుపడింది. ఇదంతా గ్రీకు, టర్కిష్ తగువు కాదు, టర్కిష్ సైప్రియట్ల ఇంట్లో తగువు. టర్కీ ఎంత దగ్గర ఉండాలన్నది వాళ్ల మధ్య నలిగే ప్రశ్న. అటువైపు కూడా అంతే: 2004లో దీవిని మళ్లీ కలపడానికి ఐక్యరాజ్యసమితి తెచ్చిన అన్నన్ ప్రణాళిక మీద ఓటు పెడితే ఉత్తరాన దాదాపు 65 శాతం ఔనన్నారు, దక్షిణాన దాదాపు 76 శాతం కాదన్నారు. ఔనన్న ఆ నాలుగో వంతు మందిలో టీచరమ్మ ఒకరు. పొరుగువాళ్లు కొన్నాళ్లు పలకరించలేదట. "రెండు వైపులు" అని మనం ఎంత తేలిగ్గా రాసేస్తామో!

అదాలిని చంపిన సంవత్సరమే, 1996 ఆగస్టులో, దగ్గర్లోని డెరీనియా దగ్గర టర్కీ జెండా దించడానికి స్తంభం ఎక్కిన గ్రీకు సైప్రియట్ యువకుడిని కాల్చి చంపడం కెమెరాలకు చిక్కింది. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. దర్శకుడు దాన్ని కొనాలనుకుంటున్నాడు. నా ఓటు వద్దనే. ఎన్నిసార్లు చూసినా అందులో ఒక మనిషి మళ్లీ చచ్చిపోవడం తప్ప కొత్తగా తెలిసేది లేదు.

రాత్రి నికోసియాలో తోలుబొమ్మల ప్రదర్శన చూశాం. ఉత్తరాన కరగోజ్, దక్షిణాన కరగియోజిస్. ఇద్దరిదీ ఒకే పోకడ. మన ఆటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు లాగా తిండికి కక్కుర్తి, దొరల మీద వెటకారం, చివర్న తన్నులు. భాష ముక్క రాకపోయినా ఎక్కడ నవ్వాలో తెలిసిపోయింది. తెర వెనక దీపం దగ్గర మైకు పెట్టనిచ్చారు. ఆడించేవాడి అరికాళ్లు చెక్క మీద టపటపలాడటం బాగా వచ్చింది.

జూలై 20

తెల్లవారుజామున 5:30కి మళ్లీ సైరన్. టర్కీ సైన్యం దిగిన ఘడియ. ఈసారి కెమెరా ముందే సిద్ధంగా ఉంది, కానీ వీధిలో ఎవరూ లేరు. ఒక కిటికీలో దీపం వెలిగింది, అంతే. టీచరమ్మ సైనిక శ్మశానంలో ప్రార్థనకు వెళ్తూ మమ్మల్ని రమ్మంది, కెమెరా లేకుండా. వెళ్లాం.

తొమ్మిదింటికల్లా లెడ్రా ప్యాలెస్ దాటి అటు చేరాం. అవతల పండగ సెలవు. కవాతు, బ్యాండు, ఆకాశంలో విమానాలు. ఫొటోగ్రాఫర్ వాళ్ల నాన్నగారు ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నారు. ఈ సైన్యం రాకపోతే తాను బతికి ఉండేవాణ్ని కాదని నమ్మే మనిషి. కొడుకు కవాతుకు రానన్నాడు, కానీ నాన్నను కారులో దింపి, తీసుకెళ్లడానికి ఎండలో చెట్టు కింద కాచుకుని కూర్చున్నాడు.

ఎడిటింగులో సైరన్ మీద కవాతు బ్యాండు కలిపేయొచ్చు. ఎవరైనా చేసే పనే అది. ఒక వైపు ఏడుపు, ఒక వైపు పండగ, కట్ చేసి పక్కపక్కన పెడితే చప్పట్లు ఖాయం. కాకపోతే నాన్నగారు క్రూరుడిగా కనిపిస్తారు, ఆయన దిగ్బంధంలో గడిపిన చిన్నతనం ఎక్కడికో పోతుంది. ఆ రెండు ట్రాకులూ వేర్వేరు ఫోల్డర్లలో పెట్టి, కలపొద్దని పేరులోనే రాసేశాను.

సాయంత్రం బఫర్ జోన్‌లో ఉన్న కాఫీ కొట్టులో అందరం కూర్చున్నాం. దర్శకుడు ప్రకటించాడు: మొదలు 1963 కాదు, 1974 కాదు, తిమ్మయ్యగారూ కాదు, 1978, డ్రైనేజీ. టీచరమ్మ పకపకా నవ్వింది. ఫొటోగ్రాఫర్ నవ్వలేదు. 1978తో మొదలుపెడితే అప్పటికే విడిపోయిన ఊరు మామూలు ఊరిలా కనిపిస్తుందనీ, పైపులు ఎందుకు తెగాయో చెప్పకుండా అతికించడం చూపిస్తున్నామనీ అన్నాడు. మాట నిజమే. టీచరమ్మ నవ్వు ఆపి ఔనంది. ఆ విషయంలో వాళ్లిద్దరూ ఒక మాట మీదకు రావడం నేను అదే వినడం.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: డ్రైనేజీ దృశ్యాల మీద కాగితంపై గీసిన ఇళ్ల ప్లాన్లు, సంవత్సరాలు తెర మీద వేయకుండా మనుషుల నోటే చెప్పించడం, సబ్‌టైటిళ్లు ఇద్దరికీ పంపి ఇద్దరూ సరేనన్నాకే ఖాయం చేయడం. ప్లాంటు లోపల తీయడానికి దరఖాస్తు టీచరమ్మ గ్రీకులో, ఫొటోగ్రాఫర్ టర్కిష్‌లో రాస్తున్నారు. ఏ మేయర్ పేరు ముందు రాయాలన్న దగ్గర ఆగారు. అక్షర క్రమంలో రాయమన్నాను. ఏ భాష అక్షర క్రమం అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.